శనివారం స్టూలు

మా అన్న వాసిల్‌ని మట్టిలో పెట్టి ఇంకా నెల తిరగలేదు. ఆ శనివారం మధ్యాహ్నం డ్యూక్స్ హాట్‌డాగుల కొట్టు కిక్కిరిసి ఉన్న వేళ రూడీ మాటిష్ తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. తలుపు మీది గంట మోగింది. మా వదిన టెక్లా ఎడమ చేతి మీద మోచేతి దాకా బన్నులు వరసగా పేర్చుకుని, కుడి చేత్తో వాటిని నింపుతోంది. తల ఎత్తి చూసింది కానీ చెయ్యి మాత్రం ఆగలేదు. సాసేజి, ఆవముద్ద, కీమా సాస్, ఉల్లిపాయ ముక్కలు. బన్నులన్నీ నిండాకే చేతులు తుడుచుకుంది.

రూడీ టోపీ తీసి, కౌంటరు మధ్యలో ఖాళీగా ఉన్న ఒకే ఒక్క స్టూలు మీద కూర్చున్నాడు.

"రెండు. అన్నీ వేసి. ఒక రూట్ బీరు," అన్నాడు, పాతికేళ్ళుగా ఆ రెండు హాట్‌డాగులూ ఆ తియ్యటి సోడా అడుగుతున్నట్టే.

పక్కన కూర్చున్న ఫ్యాక్టరీ మనిషి డఫీ లేచి, తన ప్లేటు పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళి నిలబడి తిన్నాడు. జ్యూక్‌బాక్సులో పాట అయిపోయింది. ఇంకో నాణెం ఎవరూ వెయ్యలేదు.

టెక్లా తడిగుడ్డతో కౌంటరు తుడుచుకుంటూ వచ్చింది. రూడీ మోచేతుల దాకా తుడిచి, ఆ మోచేతులు అక్కడ లేనట్టే వాటిని దాటించి అవతలి వైపు తుడిచింది. "నీకేం పెట్టమంటావు?" అని రూడీ తరవాతి స్టూలు మీద ఉన్నవాణ్ణి అడిగింది.

రూడీ గంటసేపు కూర్చున్నాడు. పేపరు తిరగేశాడు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ శనివారం వచ్చాడు.

రూడీ ఏం చేశాడో మా లోయలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. యాభై ఎనిమిదిలో గాజు ఫ్యాక్టరీలో సమ్మె మొదలైనప్పుడు రూడీ, మా అన్న కలిసే గేటు దగ్గర నిలబడ్డారు. ఇద్దరూ ఒకే వీధిలో పుట్టినవాళ్ళు. మా అన్న పెళ్ళిలో పక్కన నిలబడింది రూడీయే. శీతాకాలమంతా గేటు దగ్గర ఇనప పీపాలో మంట వేసుకుని కాపలా కాస్తుంటే, టెక్లా, వాళ్ళ నాన్న డ్యూక్ రోజూ పెద్ద గిన్నెలో సాస్, బుట్టనిండా బన్నులు పట్టుకెళ్ళి పెట్టేవాళ్ళు. డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు. ఆ తిండి తిన్న చేతులతోనే రూడీ మార్చిలో ఒక పొద్దున ఫ్యాక్టరీ గేటు తోసుకుని లోపలికి పోయాడు. ఒక్కడే పోలేదు, వెనకాల ముప్ఫై మందిని తీసుకుపోయాడు. వారం తిరక్కుండా సమ్మె కుప్పకూలింది.

అందరినీ పనిలోకి తీసుకున్నారు, సమ్మెకి ముందు నిలబడ్డ మా అన్నని తప్ప. అతని పేరు చెబితే లోయలో ఏ ఫ్యాక్టరీ తలుపూ తెరుచుకోలేదు. చివరికి ఒహాయోలో వంతెనలకి రంగులు వేసే పనికి పోయాడు. ఆ ఆకురాలు కాలంలోనే వంతెన మీంచి పడి చచ్చిపోయాడు.

శవపేటిక మొయ్యడానికి రూడీ వచ్చాడు. కొత్త నల్ల సూటు వేసుకుని, అందరి మధ్యనుంచి నడుచుకుంటూ వచ్చి పేటిక పిడి మీద చెయ్యి వేశాడు. టెక్లా ముసుగు వెనక్కి తోసి, ఆ చేతి వేళ్ళు ఒక్కొక్కటే పిడి మీంచి ఊడబీకింది. "దీని బరువు నువ్వు మొయ్యక్కర్లేదు. మేం మోస్తాం. నువ్వు పనికి పో, ఆలస్యమైతే జీతం కోస్తారు," అంది. చర్చి మెట్ల మీద ఊరంతా ఉంది. రూడీ మొహం ఎర్రగా కందిపోయింది.

ఇక డ్యూక్స్ సంగతి. టెక్లా తండ్రి తోపుడు బండితో మొదలుపెట్టి, డబ్బు కూడబెట్టి, పట్టాల మీద తిరిగే ట్రాలీ బండ్ల స్టాపు ఎదురుగా కట్టిన చిన్న కొట్టు అది. తెల్లటి పలకల గోడలు, ఎర్ర స్టూళ్ళు, వీధి వైపు ఐస్‌క్రీమ్ కిటికీ, కప్పు మీద రాత్రంతా వెలిగే గులాబీరంగు కోన్. లోపలికి అడుగు పెట్టగానే వేగే ఉల్లిపాయల వాసన ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేది. మా ఊళ్ళో పెళ్ళికూతుళ్ళు చర్చినుంచి విందుకి వెళ్తూ దారిలో ఆగి, తెల్ల గౌను మీద పడకుండా ముందుకు వంగి కోన్ తినేవాళ్ళు. బిడ్డ పుడితే తండ్రి వచ్చి అందరికీ తలా ఒకటి పెట్టించేవాడు. బేస్‌బాల్‌లో గెలిచిన పిల్లలూ అక్కడే, ఓడిన పిల్లలూ అక్కడే. రూడీ తన భార్య ఎడ్నాని పెళ్ళికి అడిగింది కూడా ఆ కౌంటరు దగ్గరే, నోట్లో బన్ను పెట్టుకుని. అలాంటి చోట ఒకడికి వడ్డించలేదంటే, నువ్వు మా ఊరివాడివి కాదు పొమ్మని నలుగురూ కలిసి చెప్పినట్టే.

"పోలీసుల్ని పిలిచి గెంటించెయ్యి వదినా. వాడి మొహం నేను చూడలేను," అన్నాను నేను రెండో శనివారమే.

"గెంటేస్తే వాడు ఇంటికెళ్ళి హాయిగా తింటాడు. ఇక్కడే కూర్చోనీ. వాసన చూడనీ," అంది టెక్లా.

నేను పెనం దగ్గర, ఆవిడ కౌంటరు దగ్గర. ఆవిడ పగ ఎంత ఓపికైనదో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పెనం వెనక ఉన్న ఫ్యాను శనివారం వస్తే తిప్పి పెట్టేది, పొగంతా తిన్నగా రూడీ మొహానికి తగిలేలా. అతను వచ్చి కూర్చున్నాకే కొత్త ఉల్లిపాయలు వెయ్యమనేది. అతని కుడి పక్కవాడికి ఒక చెంచా సాస్ ఎక్కువ, ఎడమ పక్కవాడికి ఉచితంగా ఐస్‌క్రీమ్. ఆ రెండు స్టూళ్ళ కోసం మగవాళ్ళు పోట్లాడుకునేవాళ్ళు. డఫీ అయితే తిన్నంతసేపూ "ఆహా, ఓహో" అంటూ వేళ్ళు నాకేవాడు, రూడీకి వినపడేలా.

ఒకసారి ఫాదర్ వచ్చి నచ్చజెప్పబోయాడు. "క్షమించడం నేర్చుకోవాలి టెక్లా. ఈస్టరు ముందు లెంట్ ఉపవాసాల రోజులు," అన్నాడు.

"మీరు చర్చిలో క్షమించండి ఫాదర్. ఇది హాట్‌డాగుల కొట్టు," అంది ఆవిడ.

రూడీ మాత్రం వాన పడినా, మంచు పడినా వచ్చేవాడు. శుభ్రంగా ఇస్త్రీ చేసిన చొక్కా, నున్నగా దువ్విన జుట్టు. అదే మాట: రెండు, అన్నీ వేసి, ఒక రూట్ బీరు. తరవాత పేపరు, గంట నిశ్శబ్దం. సిగ్గులేనివాడు అనుకునేవాళ్ళం. కొందరు మెత్తని మనసువాళ్ళు, పశ్చాత్తాపంతో కుమిలిపోతున్నాడు పాపం అనేవాళ్ళు.

రూడీ కూతురు మార్లీన్‌కి పదేళ్ళప్పుడు ఒక సంగతి జరిగింది. బడి పిల్లలంతా ఆట అయ్యాక గుంపుగా ఐస్‌క్రీమ్ కిటికీ దగ్గరికి వచ్చారు. మార్లీన్ వాళ్ళ మధ్యలో ఉంది. తలలో రిబ్బను, గుప్పిట్లో నాణెం. టెక్లా ఒక్కొక్కరికీ కోన్ అందిస్తూ వచ్చింది. మార్లీన్ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి ఆ పిల్ల తల మీదుగా వెనకున్న అబ్బాయికి పోయింది. పిల్ల చెయ్యి చాపుకునే నిలబడింది. అందరికీ అయిపోయాక టెక్లా కిటికీ అద్దం దించేసింది.

"వదినా, అది చిన్నపిల్ల," అన్నాను.

"మీ అన్న బతికుంటే నాకూ ఒక పిల్ల ఉండేది," అంది.

బయట స్నేహితురాలెవరో తన కోన్ మార్లీన్ ముందు పెట్టింది. మార్లీన్ తల అడ్డంగా ఊపింది. ఏడవలేదు. అద్దంలోంచి టెక్లాని చూస్తూ కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. టెక్లా మిగిలిన వెనిలా అంతా తొట్లో పోసి నీళ్ళు వదిలేసింది.

ఏళ్ళు గడిచాయి. డ్యూక్ చచ్చిపోయాడు. ట్రాలీ పట్టాలు పీకేశారు. ఫ్యాక్టరీలో కొలిమి తరవాత కొలిమి ఆర్పేస్తూ వచ్చారు. సమ్మె సంగతి తెలియని కుర్రాళ్ళు కౌంటరు నిండా చేరారు. వాళ్ళకి రూడీ ఒక వింత. ఒకరోజు ఇసక లారీ తోలుకొచ్చిన పొరుగూరివాడు పక్క స్టూలు మీద కూర్చుని, పెద్దాయనకి ఎంతసేపటికీ ఏమీ రాకపోవడం చూసి జాలిపడి తన ప్లేటు జరిపాడు.

"ఒకటి తీసుకోండి సార్. ఈవిడకి మతిమరుపులా ఉంది."

రూడీ ప్లేటు వెనక్కి తోసేశాడు. "నువ్వు పెడితే నాకెందుకు? ఆవిడ పెట్టాలి," అన్నాడు.

ఇంకోసారి టెక్లాకి జ్వరం వచ్చి శనివారం రాలేకపోయింది. కౌంటరు నేనే చూసుకుంటున్నాను. రూడీ లోపలికి వచ్చి అటూ ఇటూ చూశాడు. "ఏదీ?" అన్నాడు నాతో. నేను పలకలేదు. కూర్చోనైనా కూర్చోకుండా, అడగవలసింది అడక్కుండా, వచ్చినదారినే పోయాడు. పీడ విరగడైందని సంతోషించానే తప్ప, ఎందుకు పోయాడో ఆలోచించలేదు.

అది చెప్పడానికి మార్లీనే రావలసివచ్చింది.

సోమవారం పొద్దున, ఇంకా పెనం వేడెక్కలేదు. కొట్లో నేను, టెక్లా తప్ప ఎవరూ లేరు. నర్సు తొడుక్కునే తెల్లబూట్లతో ఒకామె వచ్చి కౌంటరు ముందు నిలబడింది.

"నన్ను గుర్తుపట్టారా మిసెస్ హ్రిన్కో?"

"ఆ గడ్డం చూస్తే ఎవరు గుర్తుపట్టరు? మీ నాన్నదే. ఏం పని?"

"తినడానికి రాలేదు లెండి. మీరు పెట్టినా తినను."

"అయితే ఇద్దరికీ సుఖమే. చెప్పు."

మార్లీన్ బ్యాగు కౌంటరు మీద పెట్టింది. "మా అమ్మకి మొన్న శనివారం ఆపరేషన్ అయింది. మత్తు వదిలాక మీ నాన్నేడీ అని అడిగింది. నేనేం చెప్పాలి? ఎక్కడున్నాడు మా నాన్న?"

మొన్న శనివారం రూడీ ఇక్కడే, మామూలుగానే, పేపరు తిరగేస్తూ కూర్చున్నాడు.

"నా స్కూలు చదువు పూర్తయిన రోజు శనివారం. రాలేదు. నా పెళ్ళి శనివారం. విందు మధ్యలో గంటసేపు మాయమైపోయాడు. పెళ్ళి సూటుతోనే వచ్చాడు కదా ఇక్కడికి?"

వచ్చాడు. కోటుకి తెల్ల పువ్వు గుచ్చుకుని వచ్చాడు. మమ్మల్ని వెక్కిరించడానికే అని ఆ రోజు మేం పళ్ళు కొరుక్కున్నాం.

"మీ నాన్నకి సిగ్గు లేకపోతే నన్నేం చెయ్యమంటావమ్మా?" అంది టెక్లా.

"సిగ్గుపడి వస్తున్నాడనుకుంటున్నారా? హాట్‌డాగ్ మీద మోజుతో వస్తున్నాడనుకుంటున్నారా?" మార్లీన్ నవ్వింది. ఆ నవ్వులో ఏమాత్రం తడి లేదు. "ఇంటికొచ్చి ఏమంటాడో చెప్పనా? ఈలేసుకుంటూ కోటు విప్పుతాడు. 'ఇవాళ కూడా చూసింది. గుడ్డ పట్టుకున్న చెయ్యి వణికింది. రాత్రికి దానికి ముద్ద దిగదు' అంటాడు. ఊరందరి ముందూ నా వేళ్ళు ఊడబీకింది, బతికున్నంతకాలం దానికి నా మొహం చూపిస్తాను అంటాడు. మీరేమో వాడికి తిండి పెట్టకుండా ఏడిపిస్తున్నానని మురిసిపోతున్నారు."

టెక్లా పెనం కింద మంట తగ్గించింది.

"శుక్రవారం రాత్రి ఇస్త్రీ చేసిన చొక్కా కావాలి ఆయనకి," అంది మార్లీన్. "ఆ ఇస్త్రీ ఎవరు చేస్తారనుకున్నారు? మా అమ్మ. ఇన్నేళ్ళూ మొగుణ్ణి ముస్తాబు చేసి మీ దగ్గరికి పంపింది."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"తరిమేస్తారో, తల పగలగొడతారో మీ ఇష్టం. మా ఇంటి మనిషిని మా ఇంటికి పంపండి చాలు. ఆయన మంచివాడని అడగడం లేదు. మాకు కూడా ఆయనతో తేల్చుకోవలసింది చాలా ఉంది. మీ వంతు అయిపోతేగాని మా వంతు రాదు."

బ్యాగు తీసుకుని తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "మీ మీద కోపం పోయిందనుకోకండి. ఐస్‌క్రీమ్ కిటికీ దగ్గర నిలబెట్టారు చూడండి, అది నేను మర్చిపోలేదు."

"మర్చిపోమని నేను అడగలేదు," అంది టెక్లా.

ఆ వారమంతా ఆవిడ చేతిలో పని తిన్నగా సాగలేదు. ఉల్లిపాయలు మాడ్చింది. కోన్లు విరగ్గొట్టింది. గురువారం బన్నుల డబ్బా సర్దుతూ ఉన్నట్టుండి అడిగింది.

"వెర్నా, నేను వాడి వైపు చూస్తానా?"

"చూస్తావు వదినా. తలుపు గంట మోగకముందే చూస్తావు."

"ఎప్పుడూ చెప్పలేదేం?"

"నేనూ చూస్తాను కదా మరి."

ఆవిడ డబ్బా మూత వేసి, దాని మీద రెండు చేతులూ ఆనించి చాలాసేపు నిలబడింది. "మీ అన్న నవ్వు నాకు గుర్తు రావడం లేదే," అంది. "వాసిల్ అనుకుంటే ఈ వెధవ మొహమే వస్తోంది. వాడు అది కూడా ఎత్తుకుపోయాడు."

శనివారం వచ్చింది. వాన పడుతోంది, కొట్టు నిండిపోయింది. గోడ పొడుగునా జనం నిలబడి తింటున్నారు. గంట మోగింది. నేను కళ్ళు ఎత్తాను. టెక్లా ఎత్తలేదు. ఎవరికో చిల్లర ఇస్తూ ఏదో మాట చెప్పి నవ్వుతోంది.

రూడీ గొడుగు దులుపుకుని, తన స్టూలు మీద కూర్చున్నాడు. "రెండు. అన్నీ వేసి. ఒక రూట్ బీరు."

"ఇప్పుడే తెస్తాను సార్," అంది టెక్లా.

మొదట ఎవరికీ బుర్రకెక్కలేదు. నేను పెనం మీది సాసేజిలు తిప్పడం మానేశాను. ఆవిడే పట్టకారు తీసుకుని రెండు ఎంచింది, అందరికీ ఎంచినట్టే. బన్నుల్లో పెట్టింది, ఆవముద్ద రాసింది, సాస్ పోసింది, ఉల్లిపాయలు చల్లింది. ఒక చెంచా ఎక్కువా లేదు, తక్కువా లేదు. మంచు పట్టిన గాజు మగ్గులో రూట్ బీరు పట్టి, నురగ గరిటెతో తీసి, ప్లేటూ మగ్గూ అతని ముందు పెట్టింది.

"రెండు, అన్నీ వేసి, ఒక రూట్ బీరు. ఇంకేమైనా కావాలా సార్?"

రూడీ ప్లేటు వైపు చూశాడు. ఆవిడ వైపు చూశాడు. "ఏమిటిది?" అన్నాడు.

"మీరడిగిందే సార్," అని ఆవిడ తరవాతి స్టూలు దగ్గరికి జరిగి, "మీ అమ్మ మోకాలు ఎలా ఉంది బాబూ?" అని అక్కడి కుర్రాణ్ణి అడిగింది. వాడు తడబడుతూ ఏదో చెప్పాడు. ఆవిడ శ్రద్ధగా విన్నది. వేన్నీళ్ళ కాపడం పెట్టమంది.

"టెక్లా," అన్నాడు రూడీ.

"చెప్పండి సార్."

"ఆ సార్ ఏమిటి? నేనెవరో తెలియదా నీకు?" గొంతు పెంచాడు. "గేటు ముందు తోసింది నేనే. ముప్ఫై మందినీ పిలిచింది నేనే. వాసిల్ నా చొక్కా పట్టుకున్నాడు, వద్దురా అన్నాడు. విదిలించుకుని పోయాను. మళ్ళీ ఆ రోజొస్తే మళ్ళీ పోతాను. వింటున్నావా? మళ్ళీ పోతాను!"

నా ఒళ్ళు మండిపోయింది. ఉల్లిపాయలు తరిగే కత్తి నా చేతిలోనే ఉంది. కౌంటరు దాటడానికి ఒక అడుగు వేశాను కూడా. గోడ దగ్గర డఫీ పిడికిళ్ళు బిగించాడు. టెక్లా ఒక్కతే కదలలేదు. ఊరు దాటిపోతూ ఆగిన బస్సులోంచి దిగినవాణ్ణి ఎలా చూస్తుందో అలా చూసింది అతన్ని.

"సాస్ ఇంకొంచెం వెయ్యమంటారా సార్?" అంది.

రూడీ బన్ను చేతిలోకి తీసుకుని ఒక ముక్క కొరికాడు. నమిలాడు, నమిలాడు, మింగడానికి చాలాసేపు పట్టింది. ఆవముద్ద పెదవి చివర అంటుకుంది, తుడుచుకోలేదు. మిగతాది ప్లేటులో పెట్టేసి, జేబులోంచి నోటు తీసి కౌంటరు మీద పెట్టాడు. ఆవిడ చిల్లర లెక్కపెట్టి అతని అరచేతిలో పోసింది.

"మళ్ళీ రండి సార్."

గొడుగు మర్చిపోయి వెళ్ళాడు. వానలో కిటికీ బయట నిలబడి లోపలికి చూశాడు. టెక్లా ఆ ప్లేటు తీసి చెత్తబుట్టలో దులిపి, కౌంటరు ఈ చివరనుంచి ఆ చివర దాకా ఒకే తుడుపు తుడిచేసింది.

జనం పల్చబడ్డాక వెనక గదిలోకి వెళ్ళి చూశాను. వేడినీళ్ళ తొట్లో చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుంటోంది.

"ఎలా ఉంది వదినా?"

"వాణ్ణి చంపేశాను వెర్నా," అంది. "చూశావా మొహం? చంపేశాను."

ఆ రోజు ఇంటికెళ్ళి కడుపునిండా తిన్నానని మర్నాడు చర్చిలో నా చెవిలో చెప్పింది.

అంతటితో అయిపోలేదు. సోమవారం డఫీ మరో నలుగురు ముసలి యూనియన్ వాళ్ళని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎవరూ కూర్చోలేదు.

"ద్రోహికి వడ్డించావట," అన్నాడు, తాను అక్కడ లేనట్టు.

"వడ్డించాను. డబ్బు తీసుకున్నాను."

"ఎవరినడిగి? అది నీ ఒక్కదాని పగా? మా అందరిదీ. వాసిల్ ఆత్మ ఏమనుకుంటుంది?"

టెక్లా ఏప్రను ముడి విప్పి, మళ్ళీ గట్టిగా బిగించుకుంది. "వాసిల్ ఒహాయో బస్సెక్కినప్పుడు నువ్వొచ్చావా డఫీ?"

"నాకు ఆ రోజు..."

"పని ఉంది. ఫ్యాక్టరీలో పని. నీ ఉద్యోగం నీకు తిరిగి ఇచ్చారు కదా. రూడీ గేటు దాటిన వారానికి నువ్వు దాటావు. అదే గేటు. వీళ్ళు నలుగురూ అదే గేటు. వాసిల్‌ని తీసుకుంటేగాని మేం రాము అని ఒక్కడంటే ఒక్కడు అన్నాడా? చెప్పు, ఒక్కడి పేరు చెప్పు. ఇన్నేళ్ళూ వాడి పక్క స్టూలు మీద కూర్చుని నా ఐస్‌క్రీమ్ ఊరికే తిన్నావు. వాడికి నేను తిండి పెట్టకపోతే నీకెందుకంత రుచిగా ఉండేదో నాకు తెలియదనుకున్నావా?"

డఫీ మొహం పాలిపోయింది. "నోరు అదుపులో పెట్టుకో టెక్లా."

"పద్దెనిమిదేళ్ళు పెట్టుకున్నాను. ఇంక నావల్ల కాదు."

ఆ మాట అంతకాలం ఆవిడ నాలుక కింద ఉందని నాకు కూడా తెలియదు. అయిదుగురూ ఒకరినొకరు చూసుకోకుండా బయటికి నడిచారు. ఆ తరవాత వాళ్ళలో ఎవరూ డ్యూక్స్ గడప తొక్కలేదు. హైవే పక్కన కొత్తగా పెట్టిన హోటల్లో కాగితం పొట్లాల్లో తింటున్నారని విన్నాం. బేరం కొంత పడిపోయింది. టెక్లా లక్ష్యపెట్టలేదు.

రూడీ ఆ శనివారం రాలేదు. ఆపై శనివారమూ రాలేదు. ఆ తరవాత ఒక్కసారి వచ్చి తలుపు సగం తెరిచాడు. టెక్లా ఎవరితోనో మాట్లాడుతూనే, "లోపలికి రండి సార్, స్థలం ఉంది," అంది. తలుపు మూసుకుంది. మళ్ళీ మాకు కనపడలేదు.

వేసవి మొదట్లో ఒక శనివారం మధ్యాహ్నం ఎడ్నా వచ్చింది. ఆపరేషన్ తరవాత బాగా చిక్కిపోయింది, చేతికర్ర పట్టుకుంది. సమ్మె నాటినుంచీ ఆమె ఆ గుమ్మం లోపల అడుగు పెట్టలేదు. ఆమె తిన్నగా వచ్చి కిటికీ పక్కన కూర్చుంది.

"ఏం కావాలి మేడం?" అంది టెక్లా.

"ఆ వేషాలు ఆయన దగ్గర వెయ్యి. నా పేరు నీకు తెలుసు."

టెక్లా ఆమె వైపు చూసింది. "ఏం కావాలి ఎడ్నా?"

"ముందు నీకు నాలుగు చివాట్లు పెట్టాలి. ఏం చేశావే మా ఇంటాయన్ని? శనివారం వచ్చిందంటే కుర్చీలో కూలబడి గోడ చూస్తాడు. నేను గిన్నె కడిగితే నా వెనకే, బట్టలు ఆరేస్తే నా వెనకే. 'టెక్లా ఏమైనా అందా? ఎవరైనా ఏమైనా చెప్పారా?' ఇదే గోల. ఇంకొన్నాళ్ళు నీ దగ్గరే ఉంచుకోకపోయావా?"

టెక్లా పెదవులు అదిరాయి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, కానీ నవ్వు ఆగలేదు. నేను ఆ నవ్వు విని ఎన్నేళ్ళయిందో. ఎడ్నా మాత్రం నవ్వలేదు.

"నా కూతుర్ని కిటికీ దగ్గర నిలబెట్టావు. దానికి నిన్ను క్షమించను."

"నీ మొగుణ్ణి నేనూ క్షమించలేదు. చచ్చేదాకా క్షమించను."

"క్షమించమని ఎవరడిగారు? నేనసలు వచ్చింది దానిక్కాదు." ఎడ్నా కర్రని బల్లకి ఆనించి, తీరిగ్గా వెనక్కి వాలింది. "ఇకనుంచి ప్రతి శనివారం నేనొస్తాను. మార్లీన్ కారులో దింపుతుంది. ఇక్కడ కూర్చుని తింటాను. ఇంటికెళ్ళి, ఆయన ఎదురుగా కూర్చుని, ఏం తిన్నానో చెప్తాను. ఉల్లిపాయలు ఎలా వేగాయి, సాస్ ఎంత చిక్కగా ఉంది, నువ్వు ఎవరితో ఏం మాట్లాడావు, అన్నీ చెప్తాను. ఆయన ఊసు ఒక్కరు కూడా ఎత్తలేదని అన్నిటికంటే ముందు చెప్తాను."

టెక్లా వెనక్కి తిరిగింది. వెళ్ళి పొడుగాటి గాజు గిన్నె తీసుకుని, ఐస్‌క్రీమ్ పీపా మూత ఎత్తింది.

"ఇవాళ స్ట్రాబెర్రీ తాజాగా వచ్చింది," అంది. "వెనిలా కూడా ఉంది. ఏది వెయ్యమంటావు?"

"రెండూ వెయ్యి," అంది ఎడ్నా. "చెప్పడానికి ఎక్కువ ఉంటుంది."